మన యౌవనస్థులు సహాయకులా, జతపనివారా?

పాఠ్యభాగములు: అపొ. కార్యములు 16:1–5; 18:24–28; 1 కొరింథీ 16:10–11; ఫిలిప్పీ 2:19–24; 2 తిమోతి 1:3–7; 4:9–13. ఈ పాఠము చదువుటకు ముందు పై భాగములను బైబిలు తెరచి ఒకసారి చదువుకొనవలెనని మనవి.



మన సంఘములలో వార్షికోత్సవము జరుగు దినమును ఒకసారి జ్ఞాపకము చేసికొనండి. తెల్లవారకముందే వచ్చి షామియానా కట్టించువారు ఎవరు? చాపలు పరచి, కుర్చీలు వేసి, మైకు సెట్టు సరిచేసి, దూరపు ఊళ్లనుండి వచ్చు అతిథులను స్టేషనునుండి తీసికొనివచ్చి, ప్రేమవిందులో వడ్డన చేసి, చివరకు విస్తళ్లు ఎత్తువారు ఎవరు? మన యౌవనస్థులే. మరి ఆ దినమున వేదికమీద కూర్చుండువారిలో నలభై ఏండ్లలోపు వారు ఎందరు? ఎవరినో తప్పుపట్టుటకు ఈ ప్రశ్న అడుగుటలేదు. ఆ వేదికమీద కూర్చున్నవారిలో మేమును ఉన్నాము.

మాకు తెలిసిన ఒక సంఘములో (దాపరికము ఎందుకు, మేము పెద్దలుగా ఉన్న సంఘములోనే) ఒక అబ్బాయి పదహారవ ఏట బాప్తిస్మము పొందాడు. ఆ వారమునుండే మైకు పని అతనికి అప్పగించితిమి. పధ్నాలుగు సంవత్సరములు ఆ పని నమ్మకముగా చేశాడు. పెండ్లియైనది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ముప్పై ఏండ్లు వచ్చాయి. మేము మాత్రము అతనిని ఇంకను "మన యూత్ అబ్బాయి" అనియే పిలుచుచున్నాము. ఒక దినమున అతడు గుడికి వచ్చుట మానివేశాడు. మేము అతని ఇంటికి వెళ్లునప్పటికి మూడు నెలలు గడిచినవి. ఆ మూడు నెలలు కూడ మా సంగతి చెప్పుచున్నవి గదా!

అతడు మమ్మును కూర్చుండబెట్టి, టీ ఇప్పించి, నెమ్మదిగా చెప్పాడు: "పెదనాన్నగారూ, నామీద ఎవరికీ కోపం లేదు, నాకూ ఎవరిమీదా కోపం లేదు. కాని ఈ పధ్నాలుగేళ్లలో ఒక్కసారైనా 'ఈ సంగతిలో నీ ఆలోచనేమిటిరా' అని ఎవరూ అడగలేదు." ఇప్పుడు అతడు అదే ఊరిలో, అక్కడి భాషలో ఆరాధించు ఒక చిన్న సహవాసములో ఉన్నాడు. ప్రతి బుధవారము ఐదు కుటుంబములకు ఇంటి కూడిక నడుపుచున్నాడు. ఆ ఐదు కుటుంబములను అతని చేతికి అప్పగించినవారు అతనిని ఎరిగి అప్పటికి ఆరు నెలలే.

అతడు సంఘము మారుట సరియా కాదా అనునది వేరే చర్చ. మా హృదయములో గ్రుచ్చుకొన్నది వేరు. ఆరు నెలలలో పరాయివారు చూడగలిగినదానిని పధ్నాలుగు సంవత్సరములు మేము ఏల చూడలేదు? ఆ ప్రశ్నతోనే ఈ పాఠము సిద్ధపరచితిమి.

ఒక్క మాట

పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రిక చివర వందనములు చెప్పుచు తిమోతిని ఏమని పిలిచెనో చూడండి (రోమా 16:21). మన తెలుగు బైబిలులో ఆ మాట "జతపనివాడు". సేవకుడు, శిష్యుడు, కుమారుడు అను మాటలన్నియు పౌలునకు తెలియును. వేరే చోట్ల తిమోతిని కుమారుడనియు పిలిచెను. అయినను ఒక సంఘము ఎదుట అతనిని పరిచయము చేయునప్పుడు జతపనివాడు అనెను.

ఈ మాట మన తాతలకు పొలములోనే అర్థమై ఉండును. కోడెదూడకు కాడి అలవాటు చేయవలెనన్న దానిని ఒంటిగా కట్టరు, రెండు కోడెలను కలిపియు కట్టరు. పనిలో పండిన ఎద్దు ప్రక్కన కట్టుదురు. మొదటి దినములలో బరువంతయు పెద్ద ఎద్దే లాగును. కోడె ఒకవైపుకు లాగి అడ్డముగా నడచును, చాళ్లు వంకర పోవును. అందుకని రైతు కోడెను విప్పి గట్టుమీద కట్టివేయడు. ఒక సాలు వంకర పోయినను ఓర్చుకొనును. మన సంఘములలో మనము ఓర్చుకొనలేనిది ఆ వంకర సాలే. ఒక అబ్బాయి ప్రార్థనలో తడబడినయెడల, ఒక అమ్మాయి పాఠములో ఒక మాట తప్పు చెప్పినయెడల, వచ్చే వారమునుండి ఆ పని మరల పెద్దల చేతికే వచ్చును.

తిమోతి ఇల్లు, మన ఇల్లు

తిమోతిది ఎట్టి ఇల్లు? తల్లి యూదురాలైన విశ్వాసి, తండ్రి గ్రీసు దేశస్థుడు. ఊరు లుస్త్ర. ఆ ఊరి జనులు ఉద్రేకము కలిగినప్పుడు లుకయోనియ భాషలో కేకలు వేసిరని అపొ. కార్యములు 14:11లో చూచుచున్నాము. అనగా ఇంటిలో తల్లి చెప్పు యూదుల లేఖనము, తండ్రిది గ్రీకు భాష, వీధిలో మరియొక భాష. స్వదేశమునకు దూరముగా స్థిరపడిన కుటుంబములో పుట్టి, రెండు మూడు లోకముల మధ్య పెరిగిన పిల్లవాడు తిమోతి.

ఇది మన ఇల్లు కాదా? బెంగుళూరులోను చెన్నైలోను బరంపురములోను షోలాపురములోను మన పిల్లలు అమ్మతో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో, బడిలో ఇంగ్లీషు మాట్లాడుచున్నారు. యానాములోని మన సహోదరులకు తెలుగు చదువు దగ్గరనే ఉన్నది గనుక ఈ కష్టము అంతగా లేదు. మిగిలిన మనకు ఇది ప్రతి ఆదివారము ఎదురగు సంగతే.

మేము ఎరిగిన ఒక అమ్మాయి సండే స్కూలులో తెలుగులో ఎంతో చక్కగా కథ చెప్పును. ఆమె చేతిలోని కాగితము మాత్రము కన్నడ అక్షరములలో వ్రాయబడి ఉండును. ఇది చూచి మాలో ఒక పెద్దాయన, "తెలుగు అక్షరం రాని పిల్ల తెలుగు సంఘంలో పాఠం చెప్పడమేమిటి?" అన్నారు. మేమందరము తలలు ఊపితిమి. ఆమెను ఆపివేసితిమి. తిమోతిని గూర్చి ఈ పాఠము సిద్ధపరచునప్పుడు మేము మొదట పశ్చాత్తాపపడినది ఆ సంగతిని గూర్చియే. మూడు భాషలు ఎరిగియుండుట ఆ పిల్లలో లోపమని మేము తలంచితిమి. పౌలు ఆసియలోను మాసిదోనియలోను గ్రీసులోను తిరుగవలసియుండగా, రెండు జనముల మధ్య పెరిగిన యౌవనుని తోడు తీసికొనెను.

తెలుగు నేర్పవద్దని కాదు. తప్పక నేర్పవలెను. కన్నడ లిపి వచ్చిన పిల్లలకు తెలుగు లిపి దగ్గరి చుట్టమే. వేసవి సెలవుల బైబిలు పాఠశాలలో రోజుకొక గంట కూర్చుండబెట్టినయెడల త్వరలోనే కూడబలుకుకొని చదువుదురు. తమిళము, ఒడియా, మరాఠీ చదివిన పిల్లలకు ఇంకను కొంత ఓపిక కావలెను. అయితే అక్షరములు వచ్చువరకు పని ఇయ్యము అనునది తప్పు. కాగితము ఏ లిపిలో ఉన్నను పాఠము విను పిల్లలకు తెలుగులోనే వినబడుచున్నది గదా.

మరియొక సంగతి గమనించండి. లుస్త్రలోను ఈకొనియలోను ఉన్న సహోదరులు తిమోతిని గూర్చి మంచి సాక్ష్యమిచ్చిరి (16:2). పౌలు వచ్చి కనుగొనకముందే ఆ సంఘములవారు అతనిని గమనించియుండిరి. అతని అవ్వ లోయి, తల్లి యునీకే పసితనమునుండి లేఖనములు నేర్పిరి. కనుక ఈ పని పాస్టరుగారి ఒక్కరిదే కాదు. అవ్వ మొదలుపెట్టెను, తల్లి కొనసాగించెను, సంఘము చూచుచుండెను, ఆ తరువాత పౌలు వచ్చెను.

పౌలు ఏమి చేసెను?

తరగతి పెట్టలేదు, వెంట తీసికొనిపోయెను. ఫిలిప్పీలో పౌలు సీలలు కొట్టబడి చెరలో వేయబడిన ప్రయాణమే తిమోతికి మొదటి ప్రయాణము. అంతకుముందే తన సొంత ఊరు లుస్త్రలో పౌలు రాళ్లతో కొట్టబడెను. పరిచర్య ఎట్టిదో తిమోతికి ఎవరును తీపిచేసి చెప్పలేదు.

తరువాత ఒంటరిగా పంపుట మొదలుపెట్టెను. శ్రమలలో ఉన్న థెస్సలొనీక సంఘమును స్థిరపరచుటకు (1 థెస్స. 3:1–3), గొడవలతో నిండిన కొరింథునకు (1 కొరింథీ 4:17), తాను ప్రేమించిన ఫిలిప్పీకి (ఫిలిప్పీ 2:19) పంపెను. ఇవి సులువైన పనులు కావు. మనమైతే సులువైనవి పిల్లలకు ఇచ్చి కష్టమైనవి మనయొద్ద ఉంచుకొందుము. కష్టమైన పని చేతికి రానివాడు ఎప్పటికిని కష్టమైన పనికి సిద్ధపడడు.

ఇంకొకటి. రెండవ కొరింథీ, ఫిలిప్పీ, కొలొస్సయి, రెండు థెస్సలొనీక పత్రికలు, ఫిలేమోను పత్రిక: ఈ ఆరింటి మొదటి వచనములు తీసి చూడండి. వ్రాయుచున్నవారి పేర్లలో పౌలు ప్రక్కన తిమోతి పేరును ఉన్నది. సంఘమునకు వెళ్లు ఉత్తరముమీద పిల్లవాని పేరు తన పేరు ప్రక్కన వ్రాయుటకు అపొస్తలుడు వెనుదీయలేదు. మన ఆహ్వాన పత్రికలలో పేర్ల వరుసను గూర్చి జరుగు తగవులు గుర్తుకు వచ్చి మాకు కొంత సిగ్గు కలిగినది.

ఇప్పుడు ఈ పాఠములో ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. యౌవనమును బట్టి నిన్నెవరును తృణీకరించకుండ చూచుకొనుమని భావము వచ్చు 1 తిమోతి 4:12 మనకందరికి కంఠత వచ్చును. ప్రతి యూత్ రిట్రీట్ బ్యానరుమీదను ఆ వచనమే. అది పిల్లలకు చెప్పు మాట గనుక మనకు ఇష్టము: ప్రవర్తన సరిచేసికొనండి, మాదిరిగా ఉండండి, అప్పుడు గౌరవము దొరకును అని వారికి బోధించుదుము. అయితే అదే పౌలు అదే సంగతిని పెద్దలకును వ్రాసెను. 1 కొరింథీ 16:10–11 చదవండి. తిమోతి వచ్చినయెడల అతడు మీయొద్ద భయము లేకుండ ఉండునట్లు చూచుకొనవలసినది మీరే అనియు, తనవలెనే అతడు ప్రభువు పని చేయుచున్నాడు గనుక ఎవడును అతనిని తృణీకరింపకూడదనియు, సమాధానముతో సాగనంపవలెననియు ఆ సంఘమునకు ఆజ్ఞాపించెను. తృణీకారము పోగొట్టు బాధ్యత పిల్లవానిమీద సగమే. మిగిలిన సగము సంఘముమీద ఉన్నది. ఈ రెండవ వచనమును బ్యానరుమీద వ్రాయించి డీకన్ల గదిలో కట్టిన సంఘమును మేము ఇంతవరకు చూడలేదు.

తిమోతి సహజముగా జంకు గలవాడని పౌలు మాటలనుబట్టి తోచుచున్నది (2 తిమోతి 1:7). కడుపు జబ్బు ఉన్నది, తరచు అస్వస్థత (1 తిమోతి 5:23). కన్నీళ్లు గలవాడు (2 తిమోతి 1:4). ఈ సంగతులన్నియు పౌలునకు తెలియును. అతని అవ్వ పేరు కూడ తెలియును. మన సంఘములో మైకు పట్టుకొను అబ్బాయి అవ్వ పేరు మనకు తెలియునా? అతడు ఏ కంపెనీలో ఏ షిఫ్టు చేయుచున్నాడో, ఎవరికి బాకీ పడియున్నాడో, రాత్రి ఏల నిద్రపట్టుటలేదో తెలియునా?

మన పితరుల చరిత్రలో

తెలుగు బాప్తిస్టులమైన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. 1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్యగారిని తలంచండి. తోలుపని చేయు కులమునకు చెందిన ఆయన వ్యాపారముమీద ఉత్తరాన ఏలూరు వైపునకు వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. మనవలెనే పనికొరకు ఊరు విడిచి వెళ్లినవాడే! తిరిగివచ్చి తన వారికి చెప్పాడు. మిషనరీ వారి ఊళ్లకు వచ్చునప్పటికే ఆయన మాట అక్కడ పనిచేయుచుండెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది మాత్రమే.

అక్కడనుండి పదకొండు సంవత్సరములు డా. జాన్ క్లౌగారు చేసినది ఏమి? దేశీయ బోధకులను వెంటబెట్టుకొని ఊరూరా తిరిగారు, వారిని పంపారు, వారు చెప్పినది విన్నారు. 1872లో రామాయపట్నములో వేదాంత పాఠశాల ప్రారంభమైనది, నిజమే. అయితే బోధకులు నేర్చుకొన్నది అక్కడ మాత్రమే కాదు. 1876–78 నాటి గొప్ప కరువులో క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి దొరుకునట్లు చేసినప్పుడు, ఆ పనికి మేస్త్రీలుగా నిలిచినవారు ఈ బోధకులే. పగలు పని చూచుచు, కూలీలు అలసి కూర్చున్న వేళ వారి మధ్య కూర్చుండి ప్రభువును గూర్చి మాట్లాడారు.

1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరని మన పిల్లలకు కూడ తెలియును. ఆ సంఖ్యను మనము ఎంతో గర్వముగా చెప్పుకొందుము. సంఖ్య ప్రక్కన ఉన్న మరియొక సంగతి చెప్పుట మరచిపోవుదుము. ఆ దినమున బాప్తిస్మమిచ్చినది అభిషేకము పొందిన ఆరుగురు దేశీయ బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, వారు అలసినప్పుడు మరి ఇద్దరు దిగి, సాయంకాలమువరకు ఆ పని ముగించారు. క్లౌగారు ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు. తన జీవితములో అంతటి దినము మరియొకటి వచ్చునో రాదో! అటువంటి దినమున ఒడ్డున నిలువగలిగినవాడే తాను తర్ఫీదు చేసినవారిని నిజముగా జతపనివారిగా ఎంచినవాడు. మన వార్షికోత్సవములో ప్రార్థన ముగింపు కూడ వదలుకొనలేని మేము ఈ చరిత్ర చెప్పుటకు కొంచెము సంకోచించుచున్నాము.

ఆ తరువాత మన తెలుగు సంఘములే పంపు సంఘములాయెను. 1903లో తెలుగు బాప్తిస్టు హోమ్ మిషన్ నెల్లూరునుండి జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపినది. ఒప్పంద కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన తెలుగువారి మధ్య ఆయన పనిచేశారు. అదే సంవత్సరము కీర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడినది. వలసవెళ్లిన తెలుగువారి కొరకు తెలుగువాడే మిషనరీగా వెళ్లెను. మొదటి తరమువారు తమకు నేర్పినవారి చేయి పట్టుకొనియే ఉండిపోయినయెడల ఇది జరిగియుండునా?

అకుల, ప్రిస్కిల్ల

ఈ దంపతులును వలసవచ్చినవారే. పొంతులో పుట్టినవాడు అకుల, రోమాలో కాపురము, చక్రవర్తి ఆజ్ఞవలన కొరింథునకు వచ్చిరి, తరువాత ఎఫెసు, మరల రోమా. ఎక్కడ ఉన్నను డేరాల పని, ఎక్కడ ఉన్నను ఇంటిలో సంఘము.

ఎఫెసులో అపొల్లో వారికి కనబడెను. విద్వాంసుడు, మాటకారి, లేఖనములలో ప్రవీణుడు. అయితే అతని బోధలో కొరత ఉన్నది. సమాజమందిరములో అతడు మాట్లాడుచుండగా వీరు లేచి నిలిచి సరిదిద్దలేదు. అతనిని చేర్చుకొని, విడిగా, మరి పూర్తిగా విశదపరచిరి. మనలో కొందరు పెద్దలకు ఒక అలవాటు ఉన్నది. పిల్లవాడు వాక్యము చెప్పి దిగిన వెంటనే, "మన తమ్ముడు చెప్పినదానిలో ఒక సవరణ" అని మైకు అందుకొందురు. సవరణ సరియైనదే కావచ్చును. ఆ పిల్లవాడు మరల ఆ మెట్లు ఎక్కడు. ఆ సవరణను ఇంటికి పిలిచి, అన్నము పెట్టి చెప్పవచ్చును.

ఇక్కడ ప్రిస్కిల్లను గూర్చి ఒక మాట. పౌలు జతపనివారని పిలిచినవారిలో ఆమెయు ఉన్నది (రోమా 16:3). ఫిలిప్పీలో యువొదియ, సుంటుకే అను స్త్రీలు సువార్తపనిలో అతనితోకూడ ప్రయాసపడిరి. మన తెలుగు సంఘములను కట్టినవారిలో బైబిలు స్త్రీలు ఉన్నారు. మన అవ్వలు వారియొద్దనే అక్షరములును కీర్తనలును నేర్చుకొన్నారు. అయితే ఇప్పుడు, "ఆడపిల్లకు ఎంత నేర్పినా రేపు పెండ్లియై వేరే ఊరు పోతుంది, మన సంఘానికి ఏం లాభం?" అను మాట వినుచున్నాము. మన ఆడపిల్లలు పెండ్లియై గుంటూరుకో నెల్లూరుకో ముంబాయికో వెళ్లుచున్నారు, నిజమే. వెళ్లినచోట సంఘము లేదా? స్త్రీల సమాజములోని తల్లులారా, మీరు రోగుల ఇండ్లకు వెళ్లునప్పుడు మీ వెంట ఒక అమ్మాయిని తీసికొనివెళ్లండి. ఆమె ఏ ఊరు పోయినను ఆ పని చేయును.

తప్పిపోయినవారు

పెద్దల అభ్యంతరము ఒకటి ఉన్నది, అది న్యాయమైనదే. "క్రొత్తగా చేరినవానిని అధ్యక్షునిగా పెట్టవద్దని, త్వరపడి చేతులుంచవద్దని పౌలే వ్రాయలేదా?" వ్రాసెను (1 తిమోతి 3:6, 5:22). అయితే అదే మూడవ అధ్యాయము పదవ వచనములో పరిచారకులు మొదట పరీక్షింపబడవలెనని ఉన్నది. పని ఇయ్యకుండ పరీక్షించుట ఎట్లు? పదవి ఇచ్చుటకు తొందర వద్దు. పని ఇచ్చుటకు ఆలస్యము వద్దు. మనము తరచుగా దీనిని తారుమారు చేయుచున్నాము. పదునైదు ఏండ్లు ఏ పనియు ఇయ్యక, ఎన్నికల సంవత్సరము వచ్చినప్పుడు ఓట్ల లెక్కకొరకు అకస్మాత్తుగా ఒక పదవి ఇచ్చుచున్నాము.

పని ఇచ్చినప్పుడు కొందరు తప్పిపోవుదురు. మార్కు పంఫూలియలోని పెర్గేనుండి తిరిగి వెళ్లిపోయెను. ఆ కోపము పౌలును విడువలేదు. రెండవసారి అతనిని తీసికొనిపోవుటకు ఒప్పుకొనలేదు. తీవ్రమైన వివాదము కలిగి పౌలు బర్నబాలు వేరైరి. ఎవరిది న్యాయమని లూకా తీర్పు చెప్పలేదు, మేమును చెప్పము. జరిగినది మాత్రము తెలియును. పారిపోయిన పిల్లవానిని బర్నబా వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కెను. సంవత్సరములు గడిచిన తరువాత ఫిలేమోను పత్రికలో పౌలే మార్కును జతపనివారిలో లెక్కించెను. అదే వచనములో దేమా పేరు కూడ ఉన్నది. ఆ దేమా చివరకు ఇహలోకమును స్నేహించి వెళ్లిపోయెను (2 తిమోతి 4:10). పెంచినవారందరు నిలుతురని వాగ్దానము లేదు. దేమా వెళ్లిపోయెనని పౌలు తిమోతిని నమ్ముట మానలేదు.

ఇక మనము

మేము మా సంఘములో ఈ సంవత్సరము మొదలుపెట్టిన కొన్ని సంగతులు చెప్పుదుము. గొప్పలకు కాదు, ఇంకను సగము సరిగా జరుగుటలేదు. పెద్దలలో ప్రతివారు ఇద్దరికి మించకుండ పిల్లలను ఎన్నుకొన్నాము. ఆస్పత్రికి, ఇంటి ప్రార్థనకు, మరణము సంభవించిన ఇంటికి వెళ్లునప్పుడు వారిలో ఒకరిని తీసికొనివెళ్లుచున్నాము. మొదట వారు ఊరక కూర్చుందురు. రెండు మూడు సార్లయిన తరువాత వాక్యము వారు చదువుదురు, తరువాత ప్రార్థన వారు చేయుదురు. ఒక దినమున మనము వెళ్లము, వారే వెళ్లుదురు. తిరిగివచ్చిన తరువాత ఏమి జరిగినదో అడిగి వినవలెను. ఇది మాకు అన్నిటికంటె కష్టముగా ఉన్నది, ఎందుకనగా వినుచుండగనే మేము బోధించుట మొదలుపెట్టుచున్నాము.

కానుకల లెక్కకు కూర్చుండు ఇద్దరిలో ఒకరు ముప్పై ఏండ్లలోపు వారు. సంఘ సమావేశపు మినిట్స్ వ్రాయు పని ఒక అమ్మాయికి అప్పగించితిమి. బాప్తిస్మము పొందిన ప్రతివారు సంఘములో సభ్యులని మన బాప్తిస్టు విశ్వాసము గదా. సమావేశములో మాట్లాడుటకు మొదట చిన్నవారిని పిలిచి, పెద్దలు తరువాత మాట్లాడుచున్నారు. పెద్దలు ముందు మాట్లాడినయెడల చిన్నవారు ఔననుట తప్ప వేరే ఏమి అనగలరు? కన్నడ అక్షరములలో వ్రాసుకొను ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఆమె మరల సండే స్కూలు తీసికొనుచున్నది.

"పిల్లలు ప్రార్థన కూడికలకే రారు, ఎట్లు నేర్పుదుము?" అని కొందరు అడుగుదురు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడిన తరువాత అక్కడి యౌవనస్థులు ఎందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరులో పనికి వెళ్లి రాత్రికి ఇల్లు చేరుచున్నారు. వారిని బుధవారము ఏడు గంటల కూడికకు రాలేదని తప్పుపట్టుట ఎట్లు? కూడిక వేళ మార్చవచ్చును. లేక మనమే ఒకనాడు ఆ రైలు ఎక్కవచ్చును. పౌలు తిమోతికి నేర్పినదానిలో ఎక్కువ భాగము దారిలోనే నేర్పెను.

కూడికలో మాట్లాడుకొనుటకు

మీ సంఘములో ముప్పై ఏండ్లలోపు వారి పేర్లు వ్రాయండి. ప్రతి పేరు ఎదుట గత సంవత్సరము వారికి అప్పగించిన పని వ్రాయండి. ఆ పనులలో ఎన్ని చేతులతో చేయునవి, ఎన్ని ఆలోచనతో చేయునవి? 1 కొరింథీ 16:10 ప్రకారము మీ సంఘములో ఒక యౌవనుడు భయము లేకుండ మాట్లాడగలడా? పెద్దలు జవాబు చెప్పుటకు ముందు ఈ ప్రశ్న యౌవనులనే అడగండి. మీ మధ్యనుండి వెళ్లిపోయిన ఒక మార్కు ఉన్నాడా? అతని ఇంటికి ఎవరు వెళ్లుదురు?

చివరగా 2 తిమోతి 4:9–13 మరల చదవండి. వృద్ధుడైన పౌలు చెరసాలలో ఉన్నాడు. త్వరగా రమ్మని తిమోతిని బ్రతిమాలుచున్నాడు. త్రోయలో విడిచివచ్చిన అంగీని, పుస్తకములను తెమ్మనుచున్నాడు. చలికాలము రాకముందే రమ్మనుచున్నాడు (4:21). వచ్చునప్పుడు వెంటబెట్టుకొని రమ్మని చెప్పినది ఎవరినో తెలియునా? మార్కును. ఒకనాడు తాను వద్దన్న పిల్లవాడు ఇప్పుడు ఆ ముసలివానికి కావలెను.

మేము మొదట చెప్పిన ఆ మైకు అబ్బాయిని మా వార్షికోత్సవమున వాక్యము చెప్పుటకు పిలిచితిమి. సంఘము మారి రమ్మని అడుగలేదు. కొంతసేపు మాట్లాడక ఉండి, వచ్చెదనని ఒప్పుకొన్నాడు. బుధవారము మాత్రము పెట్టవద్దని అడిగాడు. ఆ దినమున తనకొరకు ఐదు కుటుంబములు కనిపెట్టుకొని ఉండునట. శనివారము సాయంకాలము పెట్టితిమి. ఆ దినమున మైకు ఎవరు చూడవలెనని ఇప్పుడు మాలో చర్చ జరుగుచున్నది.